ఏడీహెచ్‌డీ ఉన్న తొమ్మిదేళ్ల బాబు: పొద్దున తయారవడం, సాయంత్రం హోంవర్క్

ఒక అమ్మ అడిగిన ప్రశ్న ఇది: "మా బాబుకి తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి. మూడు నెలల క్రితం డాక్టర్ ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం) అని చెప్పి మందు రాశారు. పొద్దున స్కూలుకి తయారుచేయడం రోజూ గొడవే. అరగంట హోంవర్క్‌కి మూడు గంటలు పడుతోంది. అడిగితే జవాబులన్నీ నోటితో చెప్పేస్తాడు, రాయమంటే పెన్సిల్ కదలదు. కష్టపడి రాయించినా స్కూల్లో ఇవ్వడం మర్చిపోతాడు. మా వారు బద్ధకం అంటారు, అత్తగారు నా గారాబం అంటారు. అరిచి అరిచి నా గొంతు పోతోంది. ఏం చేయమంటారు?"

అమ్మా, మీరు రాసినదంతా చదువుతుంటే ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. "జవాబులన్నీ నోటితో చెప్పేస్తాడు" అన్నారు చూడండి, అక్కడ. అంటే వాడికి పాఠం వచ్చు. వచ్చినదాన్ని చేయాల్సిన సమయానికి మొదలుపెట్టి, మధ్యలో వదిలేయకుండా చివరిదాకా లాక్కురావడం దగ్గర పడిపోతున్నాడు. తెలియని పిల్లాడికైతే చెప్పాలి. తెలిసీ చేయలేకపోతున్న పిల్లాడికి పదోసారి చెప్పినా గోడకు చెప్పినట్టే. వాడికి కావలసింది ఆ పని జరిగే చోట, ఆ నిమిషానికి, కంటికి కనిపించే ఊతం. ఏడీహెచ్‌డీ మీద దశాబ్దాలు పనిచేసిన అమెరికన్ సైకాలజిస్టు రస్సెల్ బార్క్లీ కూడా ఏళ్ల తరబడి తల్లిదండ్రులకు చెబుతూ వచ్చింది ఇదే. కింద నేను చెప్పేవన్నీ దీని చుట్టూ తిరిగేవే.

నా సంగతి కూడా చెప్పాలి. స్పెషల్ ఎడ్యుకేటర్‌గా 19 ఏళ్ల నుంచి ఇలాంటి పిల్లలతోనే నా పని. మా పెద్దబ్బాయికి ఎనిమిదో ఏట డాక్టర్ చెప్పిన పేరూ ఇదే. వాడిప్పుడు డిగ్రీ చదువుతున్నాడు. పగలంతా ఊళ్లోవాళ్ల పిల్లల దగ్గర ఓపికంతా ఖర్చుపెట్టేసి, ఇంటికొచ్చి మావాడి మీద ఇల్లెగిరిపోయేలా అరిచిన రోజులు నాకు చాలానే ఉన్నాయి. కాబట్టి ఇక్కడ రాసేవాటిలో చదివి నేర్చుకున్నవి కొన్నయితే, చేతులు కాలాక పట్టుకున్న ఆకులే ఎక్కువ.

ఒకరోజు పొద్దున మావాణ్ణి గుమ్మం దగ్గర నిలబడి, ఒక్క మాటా మాట్లాడకుండా చూశాను. "సాక్సులు వేసుకో" అని చెప్పి పక్కకి తప్పుకున్నాను. లేచాడు, అలమర దాకా వెళ్లాడు, సాక్సులు తీశాడు. ఒకటి కాలికి సగం ఎక్కించాడు. మంచం కింద నుంచి బొమ్మ కారు చక్రం కనిపించింది. వంగి తీశాడు. చక్రం ఇక్కడుంటే కారేదీ? కారు కోసం బొమ్మల పెట్టె తెరిచాడు. పెట్టెలో పోయిందనుకున్న రబ్బరు దొరికింది. దాన్ని బ్యాగులో పెడదామని ముందుగదిలోకి వచ్చాడు, అక్కడ కిటికీ మీద పిట్ట వాలి ఉంది. ఏడు నిమిషాలు గడిచాయి. నేను గొంతు సవరించుకుంటే ఉలిక్కిపడి తన కాలు వైపు చూసుకున్నాడు. వాడి మొహంలో మొండితనం లేదు, ఆశ్చర్యం ఉంది. రెండో సాక్సు ఎక్కడుందో వాడికి నిజంగానే తెలియదు. అది చేతిలోనే ఉంది.

అప్పటిదాకా నేను కూడా దాన్ని నిర్లక్ష్యం అనే అనేదాన్ని.

మనం ఒక పని చేస్తున్నంతసేపూ "నేనిప్పుడు ఏం చేస్తున్నాను, తర్వాత ఏం చేయాలి" అన్నది బుర్రలో ఒక మూల వెలుగుతూ ఉంటుంది. ఈ పిల్లల్లో ఆ దీపం గాలికి పెట్టినట్టుంటుంది. కంటికి ఏది కొత్తగా తగిలితే అది ముందున్నదాన్ని ఆర్పేస్తుంది. దానికి తోడు సమయం ఎంత గడిచిందో లోపలి నుంచి అంచనా అందదు. వాళ్లకి ఉన్నవి రెండే సమయాలు: ఇప్పుడు, తర్వాత. "ఇంకా పదిహేను నిమిషాలే ఉంది" అంటే మనకి కంగారు, వాడికి అదొక అంకె.

2007లో అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ పరిశోధకులు ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల మెదళ్లనూ లేని పిల్లల మెదళ్లనూ స్కాన్లలో పోల్చి చూశారు. మెదడు పైపొర మందం గరిష్ఠ స్థాయికి చేరడం మామూలు పిల్లల్లో సుమారు ఏడున్నరేళ్లకి జరిగితే, వీళ్లలో పదిన్నరేళ్లకి జరిగింది. ఎదుగుదల అదే వరసలో ఉంది, కాకపోతే ఆలస్యంగా. తనను తాను అదుపులో పెట్టుకోవడానికి పనికొచ్చే ముందుభాగంలో ఆ ఆలస్యం మరీ ఎక్కువ. నేను తల్లిదండ్రులకి దీన్ని ఒక మోటు లెక్కగా చెబుతుంటాను. తెలివిలో మీవాడికి తొమ్మిదేళ్లే. బ్యాగు సర్దుకోవడం, టైముకి తయారవడం, కూర్చున్నచోట కూర్చోవడం లాంటి విషయాల్లో మాత్రం ఆరేళ్లనుకోండి. ఆరేళ్ల పిల్లాడికి "వెళ్లి తయారై రా" అని వదిలేస్తామా? పక్కనుండి ఒక్కొక్కటీ చేయిస్తాం. ఇదీ అంతే. ఇందులో గారాబం లేదు.

మీవారు తప్పకుండా ఒక మాట అంటూ ఉంటారు: "గేమ్ పెడితే రెండు గంటలు కదలకుండా ఆడతాడు, అప్పుడు లేని జబ్బు చదువుకి వస్తుందా?" న్యాయమైన ప్రశ్నే. గేమ్‌లో ప్రతి రెండు మూడు సెకన్లకీ ఏదో ఒకటి మోగుతుంది, వెలుగుతుంది, పాయింటు పడుతుంది. తప్పు చేస్తే అప్పుడే తెలుస్తుంది, మళ్లీ అప్పుడే మొదలు. పన్నెండు లెక్కలున్న పేజీలో అలాంటిదేమీ లేదు. ఫలితం రేపెప్పుడో టీచర్ టిక్కు పెడితే తెలుస్తుంది. ఆసక్తి ఉన్నచోట నిలిచే ధ్యాసని, అవసరం ఉన్నచోటికి తిప్పుకోలేకపోవడమే ఈ సమస్య. పని మనసుకి పట్టకపోయినా "చేయాలి కాబట్టి చేస్తాను" అని కూర్చోగలగడం మనకి అలవాటై, దానికీ ఒక శక్తి కావాలన్న సంగతే మర్చిపోయాం.

ఇక అరుపుల సంగతి. "అరిస్తే కదులుతున్నాడు కదా" అనిపిస్తుంది. నిజమే, కదులుతాడు. పనిలో లేని అత్యవసరం మీ గొంతులో దొరుకుతోంది, దాంతో మెదడు మేలుకుంటోంది. చిక్కు ఏమిటంటే ఆ మోతాదు రోజురోజుకీ పెరగాలి. నిన్న మామూలుగా చెబితే లేచినవాడు ఇవాళ కేకేస్తే గానీ లేవడు, ఇంకో ఏడాదికి కేకలూ పనిచేయవు. మీ గొంతు పోతోందన్నారు కదా, కారణం అదే.

పొద్దున విషయానికి వస్తాను. మొదట ఓ మూడు రోజులు ఏమీ మార్చకండి. ఒక కాగితం దగ్గర పెట్టుకుని, ఎక్కడ ఆగిపోతున్నాడో మాత్రం రాసుకోండి. "పొద్దున అంతా గొడవే" అని మనకి అనిపిస్తుంది గానీ, రాసి చూస్తే ఇరుక్కునే చోట్లు రెండో మూడో తేలతాయి. పక్క మీద నుంచి లేవడం, బట్టలు, బ్యాగు, ఎక్కువ ఇళ్లలో ఇవే. మిగతావి వాడు చేసుకుంటూనే ఉంటాడు, మన కంటికి కనపడవు.

బ్యాగు పొద్దున పని కానే కాదు, రాత్రి పని. బట్టలు, సాక్సులు, బూట్లు వేసుకునే వరసలో ఒకేచోట రాత్రే ఉండాలి, వీలైతే బొమ్మలు కనపడని గదిలో. మావాడి సాక్సులు ఆ రోజు నుంచి బూట్లలోకి చేరాయి, బూట్లు తలుపు దగ్గరికి చేరాయి. పడకగదిలో సాక్సులతో పనే లేకుండా పోయింది. వాడిలో ఏ మార్పూ లేదు. సాక్సులకీ తలుపుకీ మధ్య దారిలో ఉన్న కారు చక్రం, పెట్టె, పిట్ట తగ్గిపోయాయి. రోజులో మరికొన్ని పనుల్ని ఇదే కన్నుతో చూడండి. పిల్లాణ్ణి మార్చే కన్నా దారి మార్చడం తేలిక.

చార్ట్ పెట్టమని మీకు అందరూ చెప్పే ఉంటారు. నేను వేసిన మొదటి చార్ట్ రంగు రంగులుగా, 14 వరసలతో, ప్రింటు తీయించి గోడకి అంటించిన కళాఖండం. మూడో రోజుకి దాన్ని చూసేవాడే లేడు. తర్వాత వాడితోనే బొమ్మలు గీయించి ఐదు పనులతో ఒకటి చేశాం. పళ్లు తోముకోవడం బొమ్మ అద్దం పక్కన, బట్టల బొమ్మ బట్టల దగ్గర, బ్యాగు బొమ్మ తలుపు మీద పెట్టాం. చార్టంతా ఒకచోట ఉంటే దాన్ని చూడాలన్న సంగతి కూడా గుర్తుండాలి కదా, అదే వాడి వల్ల కానిది. పని ఎక్కడో గుర్తూ అక్కడే ఉండాలి. నెలా రెండు నెలలకి అది గోడలో కలిసిపోయి కనపడకుండా పోతుంది. అప్పుడు రంగు మార్చండి, చోటు మార్చండి, కొత్త బొమ్మ గీయమనండి. పాతబడిపోవడం చార్ట్ తప్పు కాదు, వాడి తప్పూ కాదు.

వంటగదిలో నుంచి పిలిచి చెప్పే పనులు దాదాపుగా మానేయండి. దగ్గరికి వెళ్లండి, భుజం మీద చేయి వేయండి, మీ వైపు చూశాక ఒక్క పని చెప్పండి. "స్నానం చేసి బట్టలేసుకుని బ్యాగు తెచ్చుకో" అంటే మూడు పనులు. వాడికి చివరిదో మొదటిదో మిగులుతుంది. అప్పటికే మధ్యలో ఆగిపోయి ఉంటే "ఇంకా అక్కడే ఉన్నావా?" అనే బదులు "తర్వాత ఏంటి నాన్నా?" అని అడగండి. మొదటిది విని సిగ్గుపడతాడు లేదా ఎదురుతిరుగుతాడు. రెండోది విని బొమ్మ వైపు చూస్తాడు. స్కూలుకి బయల్దేరేదాకా ఇంట్లో టీవీ, ఫోన్ వెలగకుండా చూడండి, పెద్దవాళ్లవి కూడా. ఇది చెప్పినంత సులువు కాదని నాకు తెలుసు.

సమయం కంటికి కనపడాలి. ముల్లు గడియారం తీసుకుని, బయల్దేరే సమయం ఉన్నచోట దాని అద్దం మీద రంగు కాగితం ముక్క అంటించండి. ముల్లు ఆ రంగులోకి వచ్చేలోపు బూట్లు వేసుకుని ఉండాలి. ఇసుక గడియారమైనా సరే, రంగు తరిగిపోతూ కనిపించే టైమర్ అయినా సరే. టైమర్‌ని బెదిరింపుగా మాత్రం వాడకండి. "నువ్వు గెలుస్తావా, అది గెలుస్తుందా" అన్నట్టుంటే కొన్నాళ్లు నడుస్తుంది. కొందరు పిల్లలకి టైమర్ చూస్తే టెన్షన్ పెరిగి చేతులు ఆడవు. మీవాడు అలాంటివాడైతే పాట పెట్టండి. ఈ పాట అయిపోయేలోపు బట్టలు, తర్వాతి పాటకి బూట్లు.

ఇప్పుడు హోంవర్క్. దీని మీద కాస్త ఎక్కువే రాస్తాను, ఇళ్లలో అసలు యుద్ధం ఇక్కడే కాబట్టి.

స్కూలు నుంచి రాగానే కూర్చోబెట్టకండి. ఆరేడు గంటలు బలవంతంగా తనను తాను పట్టుకుని కూర్చుని వచ్చాడు. ఏదైనా తినాలి, పరిగెత్తాలి. అలాగని రాత్రికి నెట్టేస్తే నిద్ర, చిరాకు కలిసి ఇంకా కష్టం. రోజూ ఒకే సమయం ఉంటే "ఎప్పుడు మొదలుపెడతావు" అన్న బేరం ఉండదు. మందు వాడుతున్నారు కాబట్టి ఒక విషయం గమనించండి. ఏడీహెచ్‌డీకి ఎక్కువగా రాసే మిథైల్‌ఫెనిడేట్ అనే మందులో మామూలు మాత్ర పనిచేసేది సుమారు నాలుగు గంటలు. నెమ్మదిగా విడుదలయ్యే రకాలైతే ఎనిమిది నుంచి పన్నెండు గంటల దాకా. పొద్దున వేసిన మాత్ర సాయంత్రానికి దిగిపోయి ఉంటే, క్లాసులో బాగానే ఉన్నాడని టీచర్, ఇంట్లో నరకమని మీరు, ఇద్దరూ నిజమే చెబుతున్నట్టు. ఏ గంటకి మార్పు వస్తోందో ఓ వారం రాసుకుని డాక్టర్‌కి చూపించండి. మోతాదు గానీ సమయం గానీ మీరుగా మార్చకండి. ఆకలి తగ్గడం, నిద్ర ఆలస్యంగా పట్టడం కనిపిస్తే అవీ ఆ కాగితంలోనే రాయండి.

మొదలుపెట్టడమే అన్నిటికన్నా కష్టం. పుస్తకం తెరిచి ఇరవై నిమిషాలు పెన్సిల్ చెక్కుతూ, రబ్బరు కొరుకుతూ కూర్చున్న పిల్లాడు మొదటి లెక్క చేశాక మిగతావి లాగేయడం మీరూ చూసే ఉంటారు. అందుకే మొదటి ప్రశ్నకి మీరు పక్కనే కూర్చోండి. చదివి వినిపించండి, మొదటి మాట రాయించండి. తర్వాత కూడా ఆ గదిలోనే ఉండి మీ పని మీరు చేసుకోండి. కూరగాయలు తరుగుతారో, లెక్కలు చూసుకుంటారో మీ ఇష్టం. పక్కన ఇంకో మనిషి ఏదో పనిలో ఉండటమే వాడికి లంగరు. మీరు మాట్లాడాల్సిన పని కూడా లేదు. మీరు లేచి వెళ్లిన నిమిషానికే వాడూ లేచిపోతున్నాడంటే మిమ్మల్ని ఆడిస్తున్నాడని కాదు.

పేజీ నిండా లెక్కలు చూస్తేనే ఈ పిల్లలకి గుండె జారుతుంది. నా దగ్గరికి వచ్చిన ఒక పాప పుస్తకం తెరవగానే మూసేసేది. ఒక తెల్ల కాగితానికి మధ్యలో ఒక లెక్క పట్టేంత కిటికీ కత్తిరించి పేజీ మీద పెట్టాం. ఇప్పుడు ఉన్నది ఒకటే లెక్క. అది అయ్యాక కిటికీ కిందికి జరపాలి. జరపడం తన పని, అదో సరదా. నాలుగు లెక్కలయ్యాక లేచి గది చుట్టూ రెండుసార్లు గంతులేసి వచ్చేది. అలా పన్నెండు లెక్కలు ముప్పావుగంటలో అయ్యాయి. అంతకుముందు సాయంత్రమంతా ఏడుపే. మీవాడికి కూడా పది నిమిషాల పని, మూడు నాలుగు నిమిషాల కదలిక అన్న లెక్కతో మొదలుపెట్టి చూడండి. విరామంలో స్క్రీన్ మాత్రం వద్దు, అందులోంచి బయటికి లాగడం ఇంకో హోంవర్క్.

కదలకుండా కూర్చోమని బలవంతం కూడా వద్దు. నిలబడి రాస్తే రాయనివ్వండి, కాళ్లూపితే ఊపనివ్వండి. 2015లో అమెరికాలో 8 నుంచి 12 ఏళ్ల మగపిల్లల మీద జరిగిన ఒక అధ్యయనంలో, బుర్రకి పని పెట్టే పరీక్షలప్పుడు ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లు ఎక్కువ కదిలినప్పుడే మెరుగ్గా చేశారు. కదిలి కదిలి మెలకువగా ఉంటున్నారన్నమాట. అక్షరాలు రాస్తున్నాడా లేదా చూడండి, కుర్చీలో ఏ భంగిమలో ఉన్నాడన్నది వదిలేయండి.

నోటితో చెప్పి రాయలేకపోవడం గురించి ఇంకో అనుమానం ఉంది. రాసేటప్పుడు జవాబు గుర్తు పెట్టుకోవాలి, వాక్యం కట్టాలి, అక్షరదోషాలు చూసుకోవాలి, చెయ్యి కదపాలి. ఇవన్నీ ఒకేసారి చేయాలంటే బుర్రలో చోటు చాలదు. ఏడీహెచ్‌డీతోనే ఇలా కావచ్చు. రాతకి సంబంధించిన అభ్యాసన లోపం విడిగా ఉండవచ్చు కూడా, ఈ రెండూ కలిసి రావడం అరుదేమీ కాదు. అక్షరాలు మరీ వంకరగా ఉండటం, ఒకే మాటని మూడు రకాలుగా రాయడం, కాసేపటికే చెయ్యి నొప్పి అనడం ఉంటే పరీక్ష చేయించండి. ఈలోగా టీచర్‌కి చెప్పి ఒక ఒప్పందానికి రండి: పెద్ద జవాబులు వాడు చెబుతుంటే మీరు రాస్తారు, రెండు వాక్యాలు వాడు రాస్తాడు. లెక్కల్లో బేసి సంఖ్యవి మాత్రమే చేస్తాడు. పాఠం వచ్చిందా అన్నది తెలుసుకోవడానికి ఆరు లెక్కలు చాలు.

అన్నిటికన్నా ముందు ఒక గీత గీయండి. మీవాడి తరగతికి నలభై నిమిషాలు నిజంగా కష్టపడితే చాలు. ఆ సమయం కాగానే పుస్తకం మూసేసి, "ఇంతవరకు చేశాడు, నలభై నిమిషాలు పట్టింది" అని డైరీలో మీరు సంతకం పెట్టండి. మూడు గంటల హోంవర్క్‌తో వచ్చే అదనపు చదువు ఏమీ లేదు. పోయేది నిద్ర, ఆట, మీ ఇద్దరి మధ్య మిగిలిన మంచితనం. దీనికి టీచర్ ఒప్పుకోవాలి, అందుకే ముందుగా వెళ్లి మాట్లాడండి. ఫిర్యాదులా వెళ్లకండి, చీటీ మీద రాసుకున్న రెండే కోరికలతో వెళ్లండి.

రెండో కోరిక ఏమిటంటే, రాసిన హోంవర్క్‌ని టీచరే అడిగి తీసుకోవడం. రాసీ ఇవ్వకపోవడం ఈ పిల్లల్లో ఎంత మామూలో చెప్పలేను. ఇంట్లో రాయడం, స్కూల్లో గుర్తుపెట్టుకుని తీసి ఇవ్వడం, ఈ రెంటికీ మధ్య పన్నెండు గంటలూ ఒక రాత్రీ ఉన్నాయి. కొట్టొచ్చినట్టు కనిపించే రంగు ఫోల్డర్ ఒకటే ఒకటి కొనండి. రాసింది అందులోకి, ఫోల్డర్ బ్యాగులోకి చేరాకే హోంవర్క్ "అయింది" అన్నమాట. మావాడి విషయంలో నాకిది తట్టడానికి రెండేళ్లు పట్టింది. సంవత్సరం చివర బల్ల సొరుగు తీస్తే అందులో రాసి ఇవ్వని కాగితాలు చేతి మందాన ఉన్నాయి. అవన్నీ నేను దగ్గర కూర్చుని ఏడిపించి రాయించినవే.

వీలైతే టీచర్‌తో రోజువారీ చిన్న చీటీ పెట్టించండి. రెండు మూడు విషయాలు చాలు: హోంవర్క్ ఇచ్చాడా, క్లాసు పని మొదలుపెట్టాడా. టీచర్ టిక్కు పెడతారు, ఇంటికొచ్చాక ఆ సాయంత్రమే దానికి ఏదో చిన్న బహుమానం. నెలాఖరుకి సైకిల్ అనే ఆశ వాడికి అందదు, నెలాఖరు అంటే "తర్వాత" కదా. మీతో పది నిమిషాలు ఆట, రాత్రి ఏ కథ చదవాలో వాడే ఎంచుకోవడం లాంటివి చాలు, డబ్బుతో పని లేదు. ఒకసారి సంపాదించుకున్న పాయింటుని కోపంలో వెనక్కి లాక్కోకండి. పొద్దున కష్టపడి తెచ్చుకున్నది సాయంత్రం పోతుందని తెలిస్తే, ఏ పిల్లాడైనా మర్నాడు కష్టపడడు. మెచ్చుకునేటప్పుడు "గుడ్ బాయ్" కన్నా "చెప్పకుండానే ఫోల్డర్ పెట్టావే" అన్నది పనిచేస్తుంది. ఈ వయసుకే వాడు వినాల్సిన దానికన్నా ఎక్కువ తిట్లు విని ఉంటాడు.

అత్తగారి మాటకి జవాబు కావాలంటే: ఆరు నెలలు లేదా అంతకన్నా ఎక్కువగా, ఇంట్లోనూ స్కూల్లోనూ, కనీసం రెండుచోట్ల కనిపిస్తేనే, అదీ పన్నెండేళ్లలోపే మొదలైతేనే డాక్టర్లు ఈ పేరు పెడతారు. ఒక్క అమ్మ గారాబానికి అంత చేటు చేసే శక్తి లేదు. చక్కెర ఎక్కువ తినడం వల్ల అన్నది కూడా పరీక్షల్లో నిలవలేదు. ఈ కాలం పిల్లల జబ్బు అంటే, లండన్‌లో జార్జ్ స్టిల్ అనే పిల్లల వైద్యుడు ఇలాంటి పిల్లల గురించి 1902లోనే ఉపన్యాసాలిచ్చాడని చెప్పండి. అయినా వాదించి గెలిచిన కోడళ్లని నేను ఎక్కువగా చూడలేదు. ఆవిడకి వాడితో చేసే ఒక పని అప్పగించండి, రాత్రి బ్యాగు సర్దించడం లాంటిది. దగ్గర నుంచి చూస్తే ఆవిడకే అర్థమవుతుంది.

మీవారి విషయం కొంచెం సున్నితం. ఏడీహెచ్‌డీలో వంశపారంపర్యం పాలు చాలా ఎక్కువ, కవల పిల్లల మీద చేసిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే 70 నుంచి 80 శాతం దాకా వస్తుంది. "నేనూ చిన్నప్పుడు ఇలాగే ఉండేవాణ్ణి, నాలుగు తగిలిస్తే దారికొచ్చాను" అని నాన్నలు అనడం నేను విన్నంతగా ఎవరూ విని ఉండరు. మావారు కూడా అన్నారు. ఇప్పటికీ బండి తాళాల కోసం రోజూ ఇల్లంతా వెతుకుతారు. ఆ మాట మీవారు అంటే వాదన పెట్టుకోకండి, ఆ రోజుల్లో ఎలా ఉండేదో అడగండి. తిట్లు పడ్డప్పుడు ఏమనిపించేదో చెప్పడం మొదలుపెడితే వినండి.

మందుతో పాటు తల్లిదండ్రులకి ఇచ్చే బిహేవియర్ ట్రైనింగ్ ఉంటుంది. మీ డాక్టర్‌ని దాని గురించి అడగండి, వీలైతే ఇద్దరూ వెళ్లండి. ఆరేళ్లలోపు పిల్లలకైతే మందుకన్నా ముందు చేయమనేది అదే, మీవాడి వయసులో రెండూ కలిపి నడుస్తాయి. మాత్ర వాడి ధ్యాసని కాసేపు నిలబెడుతుంది గానీ, బ్యాగు ఎలా సర్దుకోవాలో నేర్పదు. చూపు, వినికిడి పరీక్షలు ఇంకా కాకపోతే చేయించండి. రాత్రి గురక పెడుతున్నా, నిద్రలో మాటిమాటికీ లేస్తున్నా డాక్టర్‌కి చెప్పండి. నిద్ర చాలని పిల్లాడికి ఏ చార్టూ పనిచేయదు.

ఇవన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. సోమవారం నుంచి బుధవారం దాకా ఎక్కడ ఆగుతున్నాడో రాసుకోవడం మాత్రమే. గురువారం నుంచి రాత్రి బ్యాగు, తలుపు దగ్గర బూట్లు. హోంవర్క్ జోలికి తర్వాతి వారం, టీచర్‌ని కలిశాక. ఏదో ఒక రోజు మళ్లీ అరుస్తారు, అందరమూ అరుస్తాం. అరిచిన రోజు రాత్రి పక్క మీద "పొద్దున గట్టిగా అరిచాను, సారీ నాన్నా" అని చెప్పేయండి. బ్యాగు మర్చిపోయారేమో ఒకసారి చూసి పడుకోండి.